కళ్లు తిరగడమంటే కళ్లే తిరగడం

మా హాల్లో గోడ మీద, సరిగ్గా నా కళ్లకు ఎదురుగా వచ్చే ఎత్తులో, ఒక పసుపు కాగితం ముక్క నాలుగు నెలల పాటు అలాగే ఉంది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘క’ అని ఒక్క అక్షరం. రోజుకు ఐదుసార్లు దాని ముందు నిలబడి, అక్షరం మీంచి చూపు తప్పకుండా, తలను మాత్రం ‘కాదు కాదు’ అన్నట్టు కుడికీ ఎడమకీ ఊపేదాన్ని. మొదటి వారంలో నా తలతో పాటు ‘క’ కూడా ఊగేది. దాని తలకట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. ముప్పై సెకన్లు కాకుండానే కడుపులో దేవేది. నేను ప్రూఫ్ రీడర్‌ని. ఇరవై రెండేళ్లుగా అక్షరాలు చూసి బతుకుతున్నదాన్ని. ఒక్క ‘క’ నా కంటి ముందు కుదురుగా నిలవడం లేదంటే ఎంత భయం వేసిందో చెప్పలేను.

అంతకు నెల ముందు, తెల్లవారుజామున మంచం మీద పక్కకు ఒత్తిగిల్లాను. గది తిరగడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకున్నా ఆగలేదు, గోడ పట్టుకున్నా ఆగలేదు. వాంతి మీద వాంతి. “కళ్లు తిరుగుతున్నాయి” అన్నాను. మా ఆయన ఫోన్ లైటు వేసి నా మొహంలోకి చూసి, “నిజంగానే తిరుగుతున్నాయి” అన్నారు. నా కనుగుడ్లు రెండూ ఎడమ వైపుకి మెల్లగా జారడం, చటుక్కున కుడికి ఎగరడం, మళ్లీ జారడం. ఆగకుండా అదే. ఈ మాట మనం రోజూ ఎంత తేలిగ్గా వాడేస్తాం! ఎండలో నిలబడితే కళ్లు తిరిగాయంటాం, ఆకలేస్తే కళ్లు తిరుగుతున్నాయంటాం. ఈ మాట మొదట అన్నవాళ్లు ఎవరో గానీ, నాలాంటి మనిషి కళ్లలోకి చూసే అని ఉంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మొదట చూసిన డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నారు. పట్టీ పెట్టి, మాత్రలిచ్చి, మూడు వారాలు తల కదపొద్దన్నారు. నేను బుద్ధిగా కదపలేదు. గ్లాసు అందుకోవాలన్నా మనిషి మొత్తం తిరిగేదాన్ని. పడుకుంటే బాగుండేది, లేస్తే మొదటికొచ్చేది.

రెండో డాక్టరు నా తలను రెండు చేతులతో పట్టుకుని, “నా ముక్కు వైపే చూస్తూ ఉండమ్మా” అని, తలను చటుక్కున కుడికి తిప్పారు. చూపు ఆయన ముక్కు మీదే ఉంది. ఎడమకి తిప్పారు. చూపు తలతో పాటు కొట్టుకుపోయి, ఒక క్షణం తర్వాత వెనక్కి గెంతి ముక్కును పట్టుకుంది. ఆ గెంతు నాకే తెలిసింది. ఎడమ చెవిలో బ్యాలెన్స్ నరం వాచి దెబ్బతిందట, వెస్టిబ్యులార్ న్యూరైటిస్ అన్నారు. వినికిడికి ఏమీ కాలేదు. “ఇన్నాళ్లూ తల కదపకపోవడమే మీకు చెడు చేసింది. రేపట్నుంచి కదపాలి” అన్నారు.

చెవి అంటే వినడానికే అనుకునేదాన్ని. లోపలి చెవిలో మూడు సన్నటి గొట్టాలు వంకీల్లా ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు తిరిగినా ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ తేడాను నరం మెదడుకి చెబుతుంది. మెదడు కళ్లను అంతే వేగంతో ఎదురు దిక్కుకి తిప్పుతుంది. ఇదంతా జరగడానికి పట్టే సమయం సెకనులో దాదాపు నూరో వంతు. కంటితో చూసి, గ్రహించి, అప్పుడు కన్ను తిప్పాలంటే అంతకు పదింతలు పడుతుంది. నడుస్తూ షాపు బోర్డు చదవగలుగుతున్నామంటే ఆ పుణ్యం చెవిది.

ఆ గొట్టాల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురులాంటి పొర మీద సున్నపు పలుకులు, అంటే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, పరుచుకుని ఉంటాయి. తల వంచితే ఆ పలుకులు బరువుకి ఒక పక్కకు జరుగుతాయి. కింద ఎటో, పైన ఎటో మనకు చెప్పేవి అవే. మరి బరువే లేని చోట?

ఈ ప్రశ్న నాకు మా అమ్మాయి వల్ల వచ్చింది. 2025 జులైలో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 18 రోజులుండి తిరిగొచ్చారు కదా. వచ్చాక ఒక రోజు మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటూ, పనైపోగానే దాన్ని అలా పక్కకు నెట్టారట, గాల్లో తేలుతుందన్న నమ్మకంతో. అది కింద పడింది. కింద కార్పెట్ ఉంది కాబట్టి సరిపోయింది. మా అమ్మాయి ఆ వీడియో చూపించి, “అమ్మా, అచ్చం నువ్వే” అంది. నేను అప్పటికి మూడు రోజుల కింద కాఫీ కప్పును టేబుల్ అంచు ఇవతల పెట్టేశాను. ఇద్దరి కారణాలూ ఒకటి కావు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి, అవి చెప్పేదాని అర్థమే మారిపోయింది. నాకు చెవే పోయింది. కానీ రెండు చోట్లా మెదడు పాత లెక్కతోనే చెయ్యి కదిపింది. ఆ రోజు మొదలుపెట్టి వ్యోమగాముల గురించి దొరికినదల్లా చదివాను. మందు కంటే ఆ చదువే నాకు ధైర్యమిచ్చింది.

సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్‌తో మొదలు. 1961 ఏప్రిల్‌లో గగారిన్ ఒకే చుట్టు, 108 నిమిషాలు. ఏ ఇబ్బందీ లేదు. ఆగస్టులో టిటోవ్ 17 చుట్లు తిరిగాడు, ఒక రోజుకు పైగా. వయసు పాతికేళ్లు. కక్ష్యలోకి చేరిన వెంటనే తాను తలకిందులైపోయినట్టు అనిపించింది. తల తిప్పినప్పుడల్లా వికారం, ఆ తర్వాత వాంతి. అంతరిక్షంలో వికారం అనుభవించిన తొలి మనిషి ఆయనే. మనిషి రోదసిలో అసలు పనిచేయగలడా అని డాక్టర్లకు అప్పుడు దిగులు పట్టుకుంది. విచిత్రమేంటంటే, అమెరికా వాళ్ల మెర్క్యురీ, జెమినీ యాత్రల్లో ఈ బాధ ఎవరూ చెప్పలేదు. వాళ్ల క్యాప్సూళ్లు మనిషి కదలడానికి కూడా చోటు లేనంత ఇరుకు. అపోలోలో కాస్త విశాలంగా చోటు దొరికింది, తల అటూ ఇటూ తిప్పారు, వాంతులు మొదలయ్యాయి. ఇప్పటికీ మొదటిసారి వెళ్లేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఇది వస్తుంది. రెండు మూడు రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది.

రస్టీ ష్వైకార్ట్ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1969 మార్చిలో అపోలో 9. అంతకు ముందు అపోలో 8లో ఫ్రాంక్ బోర్మన్‌కి వాంతులయ్యాయని అందరికీ తెలుసు. ష్వైకార్ట్‌ది ముఖ్యమైన పని, చంద్రుడి మీద నడవబోయేవాళ్ల స్పేస్ సూట్‌ని బయటికెళ్లి పరీక్షించాలి. తనకు వికారం రాకూడదని మొదటి రోజుల్లో తల వీలైనంత కదపకుండా జాగ్రత్తపడ్డాడు. మూడో రోజు సూట్ తొడుక్కోవాలి, అంటే వంగాలి, మెలికలు తిరగాలి. అప్పుడు వాంతి. అనుకున్న స్పేస్‌వాక్‌ని తగ్గించాల్సి వచ్చింది. ఆ జాగ్రత్తే తన శరీరం అలవాటు పడడాన్ని వెనక్కి నెట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు. భూమికి తిరిగొచ్చాక, ఈ వికారం మీద జరిగే పరీక్షలకు తననే ఉపయోగించుకొమ్మని ముందుకొచ్చాడు.

నా మెడ పట్టీ గుర్తొచ్చింది. మూడు వారాలు. ఆయన శిక్షణ పొందిన వ్యోమగామి, నేను ప్రూఫులు దిద్దుకునే మనిషిని, ఇద్దరం భయంతో ఒకే పని చేశాం. తల కదిపినప్పుడు కన్నూ చెవీ ఒకదానికొకటి పొంతన లేని కబురు చెబితేనే మెదడుకి ‘ఏదో తేడా ఉంది’ అని తెలుస్తుంది. తెలిస్తేనే సరిచేసుకుంటుంది. కదలకపోతే తప్పే దొరకదు. తప్పు కనిపించని ప్రూఫుని ఎలా దిద్దుతాం?

1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో ఒక తిరిగే కుర్చీ పెట్టారు. భూమ్మీద ఆ కుర్చీలో తిరుగుతూ తలను అటూ ఇటూ వంచితే ఎలాంటివాళ్లకైనా కాసేపట్లో వికారం వస్తుంది. అక్కడ భారరహిత స్థితికి అలవాటు పడిన వ్యోమగాములు మాత్రం అదే కుర్చీలో ఎంత తిరిగినా, ఎన్నిసార్లు తల వంచినా చెక్కుచెదరలేదు. ఆ ప్రయోగాల వెనక ఆష్టన్ గ్రేబియెల్ అనే నౌకాదళ వైద్యుడున్నాడు. ఆయన గురించి ఇంకో పెద్ద సంగతి చెప్పాలి గానీ, ముందు నా చెవిలో నీళ్లు పోసిన కథ.

ఆ పరీక్ష పేరు కెలోరిక్ టెస్ట్. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద 30 డిగ్రీల ఎత్తు పెట్టారు. కళ్లకు కెమెరాలున్న నల్ల కళ్లద్దాలు. ముందు కుడి చెవిలోకి 30 డిగ్రీల నీళ్లు వదిలారు. పది పదిహేను సెకన్లు ఏమీ లేదు. తర్వాత మంచం ఒక పక్కకి కొట్టుకుపోవడం మొదలైంది, స్క్రీన్ మీద నా కనుపాపలు పరుగులు తీస్తున్నాయని టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది. కాసేపాగి 44 డిగ్రీల నీళ్లు. ఈసారి దిక్కు మారింది. తర్వాత ఎడమ చెవి. చల్లనివి పోశారు, ఎదురుచూశాను. వెచ్చనివి పోశారు, ఎదురుచూశాను. ఏమీ కాలేదు. అంత నిశ్శబ్దంగా, నిలకడగా ఉన్న ఆ నిమిషంలోనే నాకు ఏడుపొచ్చింది. కళ్లద్దాల్లో కెమెరాకు కూడా కనిపించే ఉంటుంది.

ఈ పరీక్షకు దారి వేసిన రాబర్ట్ బారానీ వియన్నాలో చెవి డాక్టరు. చెవి కడిగేటప్పుడు నీళ్లు చల్లగా ఉంటే రోగుల కళ్లు ఒక వైపుకి, వేడిగా ఉంటే ఇంకో వైపుకి కొట్టుకోవడం గమనించాడు. వేడెక్కిన ద్రవం పైకి లేస్తుంది, చల్లబడినది కిందికి దిగుతుంది, ఆ ప్రవాహాన్నే మెదడు తల తిరగడం అనుకుంటుంది అన్నాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకిచ్చారు. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ.

బారానీ చెప్పింది నిజమైతే, బరువు లేని చోట వేడి ద్రవం పైకి లేవదు కాబట్టి ఈ పరీక్ష పనిచేయకూడదు. 1983 నవంబరు, డిసెంబరు నెలల్లో స్పేస్ షటిల్‌లో వెళ్లిన స్పేస్‌ల్యాబ్-1 అనే ప్రయోగశాలలో అదే చేసి చూశారు. కక్ష్యలో వ్యోమగాముల చెవుల్లోకి వేడి గాలి, చల్లగాలి ఊదారు. కళ్లు కొట్టుకున్నాయి! బారానీ చెప్పిన ప్రవాహం అబద్ధం కాదు, భూమ్మీద అదే ప్రధాన కారణం. కానీ అదొక్కటే కాదని తేలింది. వేడికి ద్రవం వ్యాకోచించడం, వేడి నేరుగా నరాన్ని తాకడం లాంటివి కూడా ఉన్నాయన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. దాదాపు డెబ్బై ఏళ్లు పాఠాల్లో ఉన్న వివరణలో ఒక ఖాళీ ఉందని తెలుసుకోవడానికి కక్ష్య దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు గ్రేబియెల్ సంగతి. 1950ల చివర్లో, మనిషి ఇంకా రోదసిలోకి వెళ్లకముందే, గ్రేబియెల్‌తో సహా అమెరికా నౌకాదళ వైద్య పరిశోధకులూ నాసా కలిసి, బధిరులు చదువుకునే గాలొడెట్ కాలేజీ నుంచి 11 మందిని ప్రయోగాలకు తీసుకున్నారు. వాళ్లలో పదిమందికి చిన్నప్పుడు మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది, దాంతో పాటే లోపలి చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ కూడా. ఎంత కుదిపే ప్రయాణంలోనైనా వాళ్లకు వికారం రాదు. తిరిగే గదిలో నలుగురు పన్నెండు రోజులు ఉన్నారు. విమానంలో బరువు లేని క్షణాల్లో తేలారు. కెనడా తూర్పు తీరాన తుఫాను అలల మధ్య ఓడలో తీసుకెళ్తే వీళ్లు హాయిగా పేకాడుకున్నారు, పరిశోధకులే వాంతులతో కూలబడి ప్రయోగం ఆపేశారు.

చెవి నుంచి కబురే రాకపోతే గొడవే లేదు. గొడవ పడేది కన్నూ చెవీ చెరో మాట చెప్పినప్పుడే. లోకం లోపమనుకున్నదాన్ని పట్టుకుని వాళ్లు ఈ శాస్త్రానికి పునాది వేశారు. చాలాకాలం వాళ్ల గురించి బయట పెద్దగా ఎవరికీ తెలియలేదు. ఈ పదకొండు మంది గురించి బడి పుస్తకాల్లో ఉండాలి, గగారిన్ పక్కనే ఉండాలి అని నేను నిజంగా అనుకుంటున్నాను.

గురుత్వాకర్షణను మనం అనుభవిస్తున్నామని అనుకుంటాం గానీ, మెదడు దాన్ని ముందే లెక్కగట్టి పెట్టుకుంటుంది. 1998లో న్యూరోల్యాబ్ అనే 16 రోజుల షటిల్ యాత్రలో వ్యోమగాముల వైపు పై నుంచి ఒక బంతిని వదిలారు. భూమ్మీద పడే బంతి వేగం పెరుగుతూ వస్తుంది. అక్కడ పెరగదు, వదిలిన వేగంతోనే వస్తుంది. అయినా వాళ్ల చేతి కండరాలు ముందే బిగిశాయి, బంతి తొందరగా వచ్చేస్తుందన్నట్టు. బరువు లేదని తెలుసు, కళ్ల ముందు బంతి నిదానంగా వస్తోంది, అయినా చెయ్యి భూమి లెక్కే వేసింది. అదే యాత్రలో ఇంకోటి: కుర్చీని ఇరుసుకు దూరంగా పెట్టి గిరగిరా తిప్పితే పక్కకి లాగే బలం పుడుతుంది కదా. భూమ్మీద అయితే అది ఒక పక్కకు వాలినట్టు అనిపిస్తుంది. కక్ష్యలో రోజులు గడిచే కొద్దీ ఆ వాలు పెరిగి, చివరికి పూర్తిగా పక్కకు పడుకున్నట్టే అనిపించిందట. ‘కింద’ అనేది మెదడు అంత తేలిగ్గా వదులుకోలేదు. కాస్త బలం దొరికితే చాలు, అదే కింద అనేసుకుంది.

తిరిగొచ్చాక ఏమవుతుందన్నది నాకు మరీ దగ్గరగా అనిపించే భాగం. దిగిన గంటల్లో తల కాస్త వంచితే చాలు, మనిషి మొత్తం ఎటో తోసుకుపోయినట్టు అనిపిస్తుందని చాలామంది చెప్పారు. మూల తిరిగేటప్పుడు గోడకు కొట్టుకుంటారు. నా ఎడమ భుజం మీద గుమ్మం చేసిన గాయాల మచ్చలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. కళ్లు మూసి, అటూ ఇటూ ఒరిగే పలక మీద నిలబెడితే వాళ్లు నిలవలేరు, ఎందుకంటే అక్కడ ఆధారం చెవి ఒక్కటే. కొన్ని రోజుల షటిల్ యాత్రల తర్వాత మొదటి కొన్ని గంటల్లోనే సగం కోలుకుని, మిగతాది వారానికి అటూ ఇటూగా సర్దుకునేవారు. ఆరు నెలలుండి వచ్చినవాళ్లకి అడ్డంకులు దాటే నడక మళ్లీ గాడిలో పడడానికి రెండు వారాలు పట్టింది.

అద్దంలో చూస్తూ తలను భుజం వైపు వంచి చూడండి. కంటి తెల్లగుడ్డులోని ఒక ఎర్రటి రక్తనాళాన్ని గుర్తు పెట్టుకుంటే, కనుగుడ్డు తలతో పూర్తిగా వంగకుండా కొన్ని డిగ్రీలు ఎదురు తిరగడం కనిపిస్తుంది. ఆ పని సున్నపు పలుకులది. చాలాకాలం రోదసిలో ఉండి వచ్చినవాళ్లలో ఈ ఎదురు తిరగడం తగ్గిపోయి, కొన్ని రోజుల తర్వాత మామూలుకొచ్చింది. (కంటి వెనక నరం వాచి చూపు మసకబారడమనే సమస్య వేరే ఉంది. దాని దారి వేరు, దాన్ని ఇందులో కలపను.) ఇక్కడ దిగినవాళ్లను ఎత్తి కుర్చీల్లో కూర్చోబెట్టడానికి మనుషులుంటారు. నెలల తరబడి ప్రయాణం చేసి అంగారకుడి మీద దిగేవాళ్లకి, భూమిలో 38 శాతం బరువున్న చోట, మొదటి గంటలో తలుపు తెరిచి దించే చేతులు ఉండవు.

ఒక మాట, ఇది సరదాకి చెప్పేది కాదు. ఉన్నట్టుండి కళ్లు తిరుగుతూ దానితో పాటు మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, భరించలేని తలనొప్పి వచ్చినా, అది చెవి కాకపోవచ్చు, మెదడులో పక్షవాతం కావచ్చు. తెల్లారే దాకా ఆగొద్దు, వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకుండా చెవి నరమే అని డాక్టరు తేల్చాక, వాంతులు తగ్గగానే వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో మీరే అడగండి. ఎవరూ చెప్పలేదని నాలా మూడు వారాలు పోగొట్టుకోవద్దు.

నా ఎడమ చెవి మళ్లీ పలకలేదు. మొన్న ఇంకోసారి నీళ్లు పోసి చూశారు, అదే నిశ్శబ్దం. కానీ ‘క’ ఆగింది. నిమిషానికి నూట ఇరవై ఊపులకు కూడా కదలట్లేదు. పసుపు కాగితం తీసేసి, దాని చోట ఒక పూర్తి పేజీ ప్రూఫు అంటించాను. తల ఊపుతూ గట్టిగా చదువుతున్నాను. పన్నెండు వరుసల దాకా బాగానే వస్తోంది. పదమూడో వరుసలో ఒత్తులు ఇంకా జారుతున్నాయి.